సారీ మేవిస్, ఆకలి బీడు

మా బ్రాక్స్‌డేల్‌లో మేవిస్ ఒల్లెరెన్‌షా కాలికి కుర్చీ తగిలితే కుర్చీకి సారీ చెబుతుంది. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. నా కొట్లోనే బంగాళదుంపల బస్తాకి చెప్పింది, పాల పెట్టెకి చెప్పింది. తలుపు తీస్తూ సారీ, మూస్తూ సారీ. చిల్లర నేను తప్పుగా ఇచ్చినా, నాకు చిన్నతనంగా ఉంటుందేమోనని ఆ సారీ కూడా తనే చెప్పేస్తుంది. ఒకప్పుడు మా ఊళ్ళో ముగ్గురు మేవిస్‌లు ఉండేవాళ్ళు: కొండ మేవిస్, చర్చి మేవిస్, సారీ మేవిస్. మొదటి ఇద్దరూ పోయారు. తను మిగిలిపోయినందుకు వాళ్ళ సమాధుల దగ్గర కూడా సారీ చెప్పే ఉంటుంది.

అలాంటి మనిషి నోటి మీద మా ఊరి బీడు మొత్తం ఆధారపడిన ఏడాది ఒకటి వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కొట్లో కూర్చున్నచోటే నవ్వొస్తుంది. సరుకులకొచ్చినవాళ్ళు నాకేదో అయిందనుకుంటారు.

మేవిస్ ఇక్కడి పిల్ల కాదు. యుద్ధంలో పట్నాల మీద బాంబులు పడతాయని పిల్లల్ని పల్లెలకి తోలేసినప్పుడు మాంచెస్టర్ నుంచి వచ్చిన రైలు దిగింది. ఏడేళ్ళది, మెళ్ళో పేరు రాసిన అట్టముక్క. చర్చి హాల్లో పిల్లల్ని వరసగా నిలబెడితే ఊరివాళ్ళు వచ్చి ఒక్కొక్కరినీ ఎంచుకుని తీసుకుపోయారు. చివరికి మేవిస్ మిగిలింది. మిగిలినందుకు సారీ అందట. అదే మొదటిదని మా అమ్మ చెప్పేది.

ఆమెను మిస్ హీత్‌కోట్ అనే పెళ్ళికాని పెద్దావిడ ఇంటికి పంపారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, మేవిస్‌కి అడిగినా పెట్టనావిడ దొరికింది. కూర్చోవాలంటే అడగాలి, కిటికీ దగ్గరికి వెళ్ళాలంటే అడగాలి, అడిగితే వచ్చే జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే, కుదరదని. ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు మాంచెస్టర్‌లో వాళ్ళ వీధి మీద బాంబు పడి వాళ్ళమ్మ పోయింది. నాన్న అంతకుముందే లేడు. యుద్ధం అయ్యాక మిగతా పిల్లల కోసం మనుషులు వచ్చారు. మేవిస్ కోసం ఎవరూ రాలేదు. అలా ఉండిపోయింది. బడి వంటింట్లో పని చేసింది, పెళ్ళి చేసుకుంది, మా ఊళ్ళో సగం మందికి అన్నం పెట్టి పెంచింది, అయినా నిన్న దిగిన చుట్టంలాగే ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి, ఇక చాలు బయల్దేరమంటారేమోనని సంచి సర్దుకుని కూర్చున్నట్టు. అది చూస్తే నాకు ఒక్కోసారి కోపం, ఒక్కోసారి జాలి.

ఆమె సారీ చెప్పని చోటు భూమ్మీద ఒక్కటే ఉంది. అది ఆకలి బీడు.

ఊరికి పైన రాతి గోడ దాటితే పెద్ద ఏటవాలు. ఏం వేసినా పండదు కనుక మా తాతముత్తాతలు దానికి ఆకలి బీడని పేరు పెట్టారు. అది ఫెర్న్ గారిది. వాల్టర్ ఫెర్న్ అంటే ఒంటి మనిషి, పొదుపు మనిషి, మాటల్లో మరీ పొదుపు. ఆయన గొర్రెలు అక్కడ మేస్తాయి, ఊరు అక్కడ ఆడుకుంటుంది. ఈస్టరుకి రంగు గుడ్లు దొర్లించేది అక్కడే, మొదటి మంచు పడగానే జారడానికి ఇంట్లో టీ ట్రేలన్నీ పట్టుకుని ఊరంతా పరిగెత్తేదీ అక్కడికే. ఆ రోజు మా ఊళ్ళో టీ కప్పులు చేత్తోనే మోసుకోవాలి.

ఆ మంచులో మేవిస్‌ని చూడాలి. ట్రే మీద చతికిలబడి, గౌను మోకాళ్ళ కింద దోపుకుని, తప్పుకోండని గావుకేక పెట్టి కిందికి వస్తుంది. తప్పుకోకపోతే వాళ్ళ ఖర్మ. ఒకసారి పాస్టరు గారిని పడగొట్టింది, ఆయన టోపీ వాగులో దొరికింది. పడగొట్టి నవ్వుతుందే తప్ప సారీ అనదు. పంతొమ్మిదేళ్ళప్పుడు రాళ్ళ క్వారీలో పనిచేసే లెన్‌ని అలాగే గుద్దింది. దెబ్బ తగిలినవాడికి ఓ మాటైనా చెప్పవా అని అతను అడిగితే, అడ్డం ఎందుకు నిలబడ్డావంది. వసంతంలో పెళ్ళయింది. లెన్ పోయాక కూడా ఏటా మొదటి ట్రే ఆమెదే. డెబ్బై దాటాక మోకాళ్ళు జాగ్రత్తని డాక్టరు చెబితే ఆయనకి సారీ చెప్పి మరీ వెళ్ళింది.

మామూలు రోజుల్లో కూడా పొద్దున్నే గోడ దాటేందుకు కట్టిన రాతిమెట్టు ఎక్కి దిగి ఆ బీడంతా ఓ చుట్టు చుట్టి వస్తుంది. మెట్టు దగ్గర ఫెర్న్ గారు ఎదురైతే మాత్రం నోటి అలవాటు ఊరుకోదు. "సారీ ఫెర్న్ గారూ" అంటుంది. ఆయన ఆకాశం కేసి చూసి, "వాన పడేలా ఉంది" అంటాడు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ ఇవే.

అప్పుడు కౌన్సిల్ పటంలో ఆకలి బీడు రంగు మార్చబోతున్నారని తెలిసింది. ఇన్నాళ్ళూ ఆకుపచ్చ, అంటే పొలం. ఇకమీదట గోధుమరంగు, అంటే ఇళ్ళు. వంద దాకా కడతారట. కట్టే కంపెనీవాళ్ళు నున్నటి కాగితం మీద బొమ్మలు కూడా పంచిపెట్టారు. భరతపక్షి వీధి, కుందేలు సందు అని పేర్లు పెట్టారు. ఏ ప్రాణుల్ని తరమబోతున్నారో వాటి పేర్లే వీధులకి పెట్టుకున్నారు, మర్యాదస్తులు. ఇళ్ళు వద్దని మేమనలేదు. మా పిల్లలకీ కావాలి. మూతపడిన నూలు మిల్లు ఆవరణ ఖాళీగా ఏడుస్తోంది, అక్కడ కట్టమన్నాం. అక్కడైతే లాభం తక్కువట.

ఫెర్న్ గారి మీద కొందరు కస్సుమన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, మోకాళ్ళు పోయాయి, వెనక ఎవరూ లేరు. బీడు అమ్మిన డబ్బుతో స్కెగ్నెస్‌లో సముద్రం పక్కన మెట్లు లేని ఇల్లు కొనుక్కోవాలని ఆశ. మేవిస్ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ వారమంతా నా కొట్టుకి వచ్చి, ఏం కొనాలో మర్చిపోయి నిలబడేది. ఒకరోజు మాత్రం, ఆ బీడు పోతే ఈ ఊళ్ళో నేనెక్కడ ఉండాలి అంది. మీ ఇంట్లో ఉండు అని నేను వేళాకోళం ఆడబోయి, ఆవిడ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

దారి చూపింది గ్వెన్ బ్యాగ్‌షా. బడి హెడ్మిస్ట్రెస్‌గా దిగిపోయినా మమ్మల్ని ఇంకా బెంచీ ఎక్కించగల మనిషి. ఆవిడ చట్టం చదువుకొచ్చి మమ్మల్ని పబ్బులో కూర్చోబెట్టి చెప్పింది. ఒక చోట ఊరివాళ్ళు ఇరవై ఏళ్ళ పాటు ఆడుకుని ఉంటే దాన్ని ఊరి పచ్చికగా రాయించుకోవచ్చట. అప్పుడిక ఎవరూ ఇటుక పెట్టలేరు. అయితే మూడు షరతులు. గోడ బద్దలుకొట్టి వెళ్ళకూడదు, దొంగచాటుగా వెళ్ళకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, అనుమతి తీసుకుని వెళ్ళకూడదు. అబ్బ సొమ్మన్నట్టు దర్జాగా వెళ్ళి ఉండాలి. యజమాని దయతో వెళ్ళామంటే అక్కడితో సరి.

పబ్బంతా ఊపిరి తీసుకుంది. అడక్కుండా దూరినవాళ్ళు ఎవరని గ్వెన్ అడిగితే, జన్మలో ఒక తప్పు ఒప్పుకోని మా ఊరివాళ్ళంతా చేతులెత్తారు. ఆ సంబరంలో మేవిస్ లేచి, తను రోజూ ఫెర్న్ గారికి సారీ చెబుతుంది కదా, దాని వల్ల ఏమన్నా ఇబ్బందా, సారీ, అంది. గ్వెన్ ముఖం పాలిపోయింది. రోజూ సారీ అంటే రోజూ అనుమతి అడిగినట్టేనని ఎవరైనా వాదించొచ్చు.

ఇరవై ఏళ్ళుగా రోజూ వెళ్ళినదంటే మేవిసే. ఆవిడని మించిన సాక్షి లేదు. ఆవిడని నిలబెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. అందుకని ఊరంతా కలిసి మేవిస్ చేత సారీ మాన్పించడానికి పూనుకుంది. నేను కొట్లో కావాలని ఆమె కాలు తొక్కేదాన్ని. సారీ అనేది. మళ్ళీ తొక్కేదాన్ని. పెదాలు బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగి, చివరికి "నీ కాలికేం తగల్లేదు కదా బాతూ" అనేది. మా వైపు ముద్దుగా పిలవాలంటే ఎవరినైనా బాతూ అంటాం, ఆడామగా తేడా లేదు. గ్వెన్ అయితే దారిన పోతూ ఢీకొట్టేది. పాపం మేవిస్ ఒళ్ళంతా కమిలిపోయింది, మాట మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంతలో కంపెనీవాళ్ళ లాయరు ఫెర్న్ గారి చెవిలో ఏదో ఊదాడు. అందరికీ అనుమతి ఇచ్చెయ్యమని. ఇస్తే వాళ్ళ హక్కు గోవిందా అని. మర్నాటి నుంచీ ఆ మూగనోము మనిషి మెట్టు దగ్గర కాపు వేసి, వచ్చిన ప్రతివాళ్ళతోనూ రండి, ఆడుకోండి, నేను ఒప్పుకుంటున్నాను అనడం మొదలుపెట్టాడు. లెక్కకొచ్చేది గడిచిన ఇరవై ఏళ్ళేనని, ఇప్పుడిచ్చే అనుమతి చెల్లదని గ్వెన్ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఒక్క మాట చెవిన పడితే బీడు పోయినట్టేనని అందరికీ భయం. ఫెర్న్ గారు కనబడితే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పాటలు పాడుకుంటూ పరుగో పరుగు. పాస్టరు గారు కూడా గౌను ఎత్తిపట్టి కీర్తన అందుకుని గోడ దూకాడు. నా కొట్టు బయట ఫెర్న్ గారు నన్ను పట్టుకోబోతే నేను లోపలికి పోయి షట్టరు దించేసుకున్నాను. పాపం ఆయన నిజంగా రొట్టె కోసమే వచ్చాడని తర్వాత తెలిసింది.

చివరికి మెట్టు పక్కన బోర్డు పాతించాడు, యజమాని అనుమతితో అందరికీ స్వాగతం అని. ఊరంతా ఆ బోర్డు దగ్గరికి రాగానే తల పక్కకి తిప్పుకుని నడవడంతో మా అందరికీ ఒకే వైపు మెడ పట్టేసింది. మెడనొప్పి మాత్రలు నా కొట్లో ఎన్నడూ అంతలా అమ్ముడుపోలేదు.

మేం పెట్టిన దరఖాస్తు మీద విచారణ చర్చి హాల్లోనే జరిగింది, మేవిస్‌ని వరసలో నిలబెట్టిన ఆ హాల్లోనే. విచారించే అధికారిణి ఒక నిదానమైన మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, ఎదురుగా మేం పెట్టిన పళ్ళ కేకు. దాన్ని ముట్టుకోలేదు. లంచం అనుకుందేమో. మేవిస్ వచ్చి, కుర్చీ జరిపి, కుర్చీకి సారీ చెప్పి కూర్చుంది. కంపెనీ లాయరు కళ్ళు మెరిశాయి. వీడికి మా సంగతి ఎవరో చెప్పారు.

"ఆ బీడులోకి వెళ్ళేటప్పుడు ఫెర్న్ గారు ఎదురైతే ఏమనేవారు?" అని అడిగాడు.

గ్వెన్ కళ్ళు మూసుకుంది. మేవిస్ అబద్ధం ఆడలేదు, ఆడటం చేతకాదు.

"సారీ అనేదాన్నండి."

"ఒకటి రెండుసార్లా, లేక ప్రతిసారీనా?"

"ప్రతిసారీ సారీయేనండి."

హాల్లో ఎవరో నిట్టూర్చారు. లాయరు అధికారిణి వైపు తిరిగి, ఇదిగో, ఈవిడ రోజూ యజమాని అనుమతి కోరేవారు అని మెత్తగా అన్నాడు.

"లేదండీ," అంది మేవిస్. "నేనేం కోరలేదు."

"మరి సారీ అంటే ఏమిటండీ? నన్ను వెళ్ళనివ్వండి అనే కదా."

"కాదండీ, సారీ. అడగటం వేరు, సారీ వేరు." మేవిస్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిపిల్లలకి అన్నం ఎందుకు మాడిందో చెబుతున్నట్టు చెప్పింది. "మిస్ హీత్‌కోట్‌ని రొట్టె ముక్క అడిగితే ఇచ్చేది కాదు. అడక్కుండా తినేసి సారీ అంటే ఒక చెంపదెబ్బతో పోయేది. ముక్క మాత్రం నా కడుపులోనే ఉండేది. అప్పటినుంచీ నేను ఎవరినీ ఏదీ అడగలేదండీ. ఫెర్న్ గారినీ అడగలేదు. అడిగితే కాదంటారేమో, కాదంటే నాకింకో చోటు లేదు. అందుకని ముందు మెట్టు దాటేసి, తర్వాత సారీ చెప్పేదాన్ని. మర్నాడు మళ్ళీ దాటేదాన్ని."

లాయరు కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత, దానికి ఫెర్న్ గారు ఏమనేవారు అన్నాడు.

"వాన పడేలా ఉంది అనేవారండి."

"దాని అర్థం సరే వెళ్ళమనేగా?"

"కాదండీ. నిజంగానే పడేది."

హాలు ఘొల్లుమంది. అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుని, అనుమతి ఉన్న చోటికి వెళ్ళి ఎవరైనా సారీ చెబుతారా, తన ఇంట్లో తను సోఫాలో కూర్చుని సోఫాకి సారీ చెప్పుకుంటారా అని లాయర్ని అడిగింది. మేవిస్ చెబుతుందని నాకు తెలుసు కానీ, నన్ను ఎవరూ అడగలేదు. ఫెర్న్ గారిని లేపి, మీరెప్పుడైనా ఈవిడని వెళ్ళమన్నారా అంటే, ఆయన పైకప్పు కేసి చూసి, లేదు, పొమ్మనలేదు, రమ్మనలేదు, మధ్యలో నాకెందుకు అన్నాడు. నిజాయితీపరుడు. తన కాళ్ళ మీద తనే గొడ్డలి వేసుకున్నాడు. లాయరు, సారీ, ఒక్క నిమిషం అని మళ్ళీ కాగితాల్లో తల దూర్చాడు. ఆ మాట విని అందరం మళ్ళీ నవ్వాం.

మధ్యాహ్నం అధికారిణి బీడు చూడటానికి వచ్చింది. వెనకాల మేమందరం. బోర్డు రాగానే ఊరంతా టక్కున మెడ తిప్పేశాం, ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆవిడ గోడ మెట్టు ఎక్కి అవతల కాలు పెట్టబోయేసరికి ఎదురుగా ఫెర్న్ గారు, గొర్రెతో సహా. ఆవిడ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, సారీ అని. ఎవరికి చెప్పిందో, ఆయనకో గొర్రెకో తెలియదు. ఫెర్న్ గారు ఆకాశం కేసి చూశాడు. అంతమందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. గ్వెన్ లాంటి మనిషి నా జబ్బ గిల్లి నవ్వాపుకుంది, ఆ మచ్చ వారం రోజులుంది.

చలికాలంలో తీర్పు వచ్చింది. ఆకలి బీడు ఊరి పచ్చిక. ఫెర్న్ గారి గొర్రెలు మేయొచ్చు, ఊరు ఆడొచ్చు, ఇటుక మాత్రం పెట్టకూడదు. కౌన్సిల్ పటంలో రంగు ఆకుపచ్చగానే ఉండిపోయింది. పబ్బులో పాస్టరు గారు బల్ల ఎక్కి ఆడాడు. గ్వెన్ దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది. మేవిస్ మాత్రం ఒక మూల కూర్చుని, ఫెర్న్ గారు రాలేదా అని రెండు మూడుసార్లు అడిగింది. ఆయన రాలేదు. ఎలా వస్తాడు.

మొదటి మంచు ఆదివారం పడింది. ట్రే చంకన పెట్టుకుని మేవిస్ ముందు, మేమంతా వెనక. మెట్టు దగ్గర ఫెర్న్ గారు నిలబడి ఉన్నాడు. బోర్డు పీకేశాడు, అది కాళ్ళ దగ్గర మంచులో పడి ఉంది. మేవిస్ ఆగిపోయింది. మేమూ ఆగాం.

"సారీ ఫెర్న్ గారూ," అంది.

ఆ మాట ఆవిడ నోట లక్షసార్లు విన్నాను. ఇది వేరు. ఇది కుర్చీకి చెప్పింది కాదు, బస్తాకి చెప్పింది కాదు. సముద్రం పక్కన ఆయన పోగొట్టుకున్న ఇంటికి చెప్పింది. ఆయనకి కూడా అది అర్థమైనట్టుంది, ఆకాశం కేసి చూడలేదు. టోపీ తీసి మంచు దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సముద్రం దగ్గర చలిగా ఉంటుందటలే," అన్నాడు. ట్రే వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు, "చిన్నప్పటినుంచీ ఈ గోడ దగ్గర నిలబడి మీ అందరినీ చూడటమే. ఎప్పుడూ జారలేదు. నా పొలంలో నేను ఆడితే నవ్వుతారని. ఇప్పుడిది మీది కదా. నేనొక్కసారి రావచ్చా, మేవిస్?"

మేవిస్‌ని జీవితంలో ఎవరూ అనుమతి అడిగి ఉండరు. ఒక్కసారిగా నవ్వింది, ముఖమంతా విప్పారేలా.

"అడక్కు బాతూ," అంది. "అడిగితే హక్కు పోతుంది. ఊరికే వచ్చి కూచో."

ఆ ముసలాయన మోకాళ్ళు కిర్రుమనిపించుకుంటూ ఆవిడ వెనక ట్రే మీద సగం, మంచు మీద సగం కూర్చున్నాడు. మేవిస్ గావుకేక పెట్టింది. తప్పుకునే లోపే వచ్చి నన్నూ గ్వెన్‌నీ కలిపి పడగొట్టారు, నా నోట్లోకి మంచు పోయింది. లేచి ఒళ్ళు దులుపుకుంటూ మేవిస్ కేసి చూశాను. సారీ అనలేదు. అడ్డం ఎందుకు నిలబడ్డావు అంది, ఆ పక్కన ఫెర్న్ గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.